లెక్కలోకి రాని ఆటలు

మన భాషలో రెండు సామెతలున్నాయి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అన్నది ఒకటి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నది రెండవది. పసితనంలోనే ప్రతిభను పసిగట్టిన పెద్దల మాట మొదటిది. ఆ పసిగట్టడంలోని తొందరపాటును చూసి నవ్విన పెద్దల మాట రెండవది. ఈ రెండు మాటలనూ ఒకే ఊళ్ళో, ఒకే అరుగు మీద, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి అని ఉంటాడు. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పిన నాకు ఈ రెండు సామెతల నడుమ నలిగిన పిల్లలు కొందరు తెలుసు. అయితే ఈ సంగతి తీరికగా ఆలోచించే అవకాశం మాత్రం మన ఊళ్ళో దొరకలేదు. అమెరికాలో, ఎడారిసీమలోని ఒక ఆటస్థలంలో దొరికింది. ఆ ఆట పేరు బేస్‌బాల్.

ఆ ఆటతో పరిచయం లేని పాఠకమిత్రుల కోసం రెండు మాటలు. మన క్రికెట్టుకు దూరపు చుట్టం అనదగిన ఆట అది. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. కొట్టేవాడు ఆ బంతిని మైదానం హద్దు దాటిస్తే హోమ్ రన్. మన సిక్సరు వంటిది. మేజర్ లీగ్ అనే పెద్ద పోటీలో 30 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా 162 ఆటలు ఆడుతుంది. దానికి ముందు, ఫిబ్రవరి నడిమి నుంచి సుమారు ఆరు వారాల పాటు జరిగేదే వసంత శిక్షణ. ఉత్తరాది నగరాలు ఇంకా మంచులో ఉండగానే 15 జట్లు ఫ్లారిడాకు, 15 జట్లు అరిజోనాకు తరలి వస్తాయి. ఫ్లారిడాలోని ఆటలను గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అనీ, బ్రహ్మజెముడు జాతి మొక్కలు పెరిగే అరిజోనాలోని ఆటలను కాక్టస్ లీగ్ అనీ పిలుస్తారు.

వీటికి టిక్కెట్లు కొనాలి. వేలకు వేలు జనం వస్తారు. గెలుపూ ఉంటుంది, ఓటమీ ఉంటుంది. కాని అసలు పోటీ మొదలయ్యే నాటికి ఆ గెలుపోటముల పలక తుడిచేస్తారు. వసంతంలో కొట్టిన హోమ్ రన్ ఆటగాడి అసలు లెక్కలో చేరదు. చేరదని తెలిసీ అంతమంది ఎందుకు వస్తారన్నది నా మొదటి సందేహం.

2023 మార్చిలో మేము చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నాము. ఫీనిక్స్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఆ ఊళ్ళో తెలుగువారు బాగానే కనిపిస్తారు. ఒకనాడు మా అల్లుడు నన్నూ, పదకొండేళ్ళ మనవణ్ణీ పక్కనున్న మేసాలో షికాగో కబ్స్ జట్టు సాధన చేసే స్లోన్ పార్క్‌కు తీసుకువెళ్ళాడు. మైదానం వెనుక పచ్చికకట్ట ఉంది. జనం దుప్పట్లు పరచుకొని, పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, తిరునాళ్ళకు వచ్చినట్లు కూర్చున్నారు. మాకూ అక్కడే చోటు దొరికింది.

మా పక్కన ఇలినాయ్ నుంచి వచ్చిన ఒక వృద్ధుడు కూర్చున్నాడు. ఉత్తరాలు బట్వాడా చేసే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. నా వయసు కంటె పదేళ్ళు పెద్ద. నాకు ఆట తెలియదని గ్రహించి, అడగకుండానే పంతులు పాత్ర స్వీకరించాడు. ఆయన ఇంగ్లీషు నాకు అందనిచోట మనవడు తెలుగు చేశాడు. పేరున్న ఆటగాళ్ళు నాలుగైదు ఇన్నింగ్సులు ఆడి లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు నేను లేవబోతే ఆయన చేయి పట్టుకొని కూర్చోబెట్టాడు. "అసలు చూడవలసింది ఇప్పుడే" అన్నాడు.

చొక్కాల మీద డెబ్బై, ఎనభై, తొంభై అంకెలున్న కుర్రవాళ్ళు అప్పుడు మైదానంలోకి వచ్చారు. పెద్ద జట్టులో ఇంకా చోటు లేనివారికి సాధారణంగా అటువంటి పెద్ద అంకెలు ఇస్తారట. వారిలో ఒక బక్కపలచని కుర్రవాడు బంతిని కొట్టిన చప్పుడు వేరుగా వినిపించింది. ఆట తెలియని నా చెవికి కూడా ఆ తేడా తెలిసింది. పచ్చికకట్ట మీద వేలమంది ఒక్కసారిగా లేచి నిలుచున్నారు. ఎవరో, ఏ ఊరివాడో తెలియని ఆ పిల్లవాడి కోసం మా పక్కనున్న వృద్ధుడు కళ్ళు తుడుచుకొన్నాడు. తరువాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ పేరు రాసుకొన్నాడు. ఏటేటా వచ్చి, తనకు నచ్చిన కుర్రవాడి పేరు ఒకటి రాసుకోవడం ఆయన అలవాటట. ఆ పేర్లలో ఎంతమంది పెద్ద జట్టుకు చేరారని అడిగాను. ఎన్నడూ లెక్కపెట్టలేదన్నాడు.

ఆ జవాబు నన్ను చాలాకాలం వదలలేదు.

వసంతపు అంకెలను నమ్మరాదని అక్కడి పండితులందరూ చెబుతారు. కారణాలూ ఉన్నాయి. అనుభవజ్ఞుడైన పిచ్చర్ ఆ రోజుల్లో గెలవడానికి విసరడు. కొత్తగా నేర్చిన ఒక రకం బంతిని పదే పదే విసిరి పరీక్షించుకొంటాడు. ఆట చివరి భాగంలో ఎదురయ్యేవారు చాలావరకు కింది జట్ల కుర్రవాళ్ళే. అరిజోనా గాలి పొడిగా ఉంటుంది. బంతి మామూలు కంటె దూరం పోతుంది. అన్నిటికీ మించి, అవకాశాల సంఖ్య తక్కువ. 50 సార్లు కొట్టే వంతు వచ్చినవాడు 20 సార్లు సఫలుడైతే సగటు .400 అంటారు, అది మహావీరుల అంకె. 15 సార్లయితే .300, మంచి ఆటగాడి అంకె. ఈ రెండింటికీ భేదం నెల మొత్తం మీద అయిదు దెబ్బలు. ఒక బంతి నేల మీది గడ్డకు తగిలి పక్కకు పోవడం, ఒక బంతి ఎండలో పట్టేవాడి కంటికి ఆనకపోవడం. ఆ అయిదు అట్లా కూడా రావచ్చు.

మన ఆలంకారికులు కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అని మూడు కారణాలు చెప్పారు. వసంతంలో ఆ పచ్చిక మీద కూర్చున్నవారికి కనిపించేది ప్రతిభ ఒక్కటే. తక్కిన రెండూ 162 ఆటల పొడవునా, అలసటలో, వరుస వైఫల్యాలలో మాత్రమే బయటపడతాయి. ఇది ప్రేక్షకులకు తెలియక కాదు. తెలిసీ ఆశపడతారు.

ఆ ఆశ ఎంత దూరం పోగలదో చెప్పడానికి 1985 నాటి ఒక ముచ్చట ఉంది. ఆ యేడు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో జార్జ్ ప్లింప్టన్ అనే రచయిత, న్యూయార్క్ మెట్స్ జట్టు వసంత శిబిరంలో సిడ్ ఫించ్ అనే కొత్త పిచ్చర్ ఉన్నాడని రాశాడు. సిడ్ అంటే సిద్ధార్థ. టిబెట్టులో యోగం నేర్చి గంటకు 168 మైళ్ళ వేగంతో బంతి విసరగలడట. ఒక కాలికి మాత్రమే బూటు తొడుక్కొంటాడట. పత్రిక తేదీ ఏప్రిల్ 1. అయినా ఎందరో నమ్మారు. ఫొటోలలో ఆ సిద్ధుడి వేషం వేసినవాడు ఇలినాయ్‌కు చెందిన ఒక బడి చిత్రలేఖనం మాస్టారు. మా వృత్తివాడు ఒకడు దేశాన్ని ఇంత మురిపించాడని తెలిసి నేను నవ్వుకొన్నాను. కాని ఆలోచిస్తే అది ప్రేక్షకుల తెలివితక్కువతనమని అనిపించలేదు. ఏటా ఒక అద్భుతం వస్తుందని ఎదురుచూసేవారి ముందు ఒక అద్భుతాన్ని నిలబెట్టారు; వారు లేచి నమస్కరించారు. అంతే.

సిడ్ ఫించ్ కాగితం మీది మనిషి కనుక ఆ ఆశ వల్ల అతనికి నష్టం కలగలేదు. రక్తమాంసాలున్నవాడి సంగతి వేరు. అదే పత్రిక 1978 మార్చిలో కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టుకు చెందిన క్లింట్ హర్డిల్ బొమ్మను ముఖచిత్రంగా వేసి, ఈ ఏటి అద్భుతం ఇతడేనని ప్రకటించింది. అతనికి అప్పటికి 20 ఏళ్ళు. ఆ యేడు అతని సగటు .264, హోమ్ రన్లు 7. ఇరవై ఏళ్ళవాడికి అది తీసివేయదగిన ఆట కాదు. కాని ముఖచిత్రంతో పోల్చి చూసినవారికి అది వైఫల్యంగా కనిపించింది. ఆటగాడుగా మేజర్ లీగులో అతడు కొట్టిన హోమ్ రన్లు మొత్తం 32. తరువాత శిక్షకుడై, 2007లో కొలరాడో రాకీస్ జట్టును వరల్డ్ సిరీస్ దాకా నడిపించాడు. అంటే ఆ మనిషిలో వెలుగు ఉంది. జనం చూసిన కిటికీలో లేదు; వేరే కిటికీలో ఉంది.

మికీ మాంటిల్ కథ ఇంకా లోతైనది. 1951 వసంతంలో న్యూయార్క్ యాంకీస్ జట్టు ఫీనిక్స్‌లో సాధన చేసింది. మాంటిల్‌కు 19 ఏళ్ళు. ఓక్లహామాలో సీసం, జింకు గనులలో పనిచేసిన తండ్రి కొడుకు. ఆ నెలలో .402 సగటుతో 9 హోమ్ రన్లు కొట్టాడు. ఆ జట్టులో బేబ్ రూత్ అంకె 3, లూ గెరిగ్ అంకె 4, జో డిమాజియో అంకె 5. ఈ కుర్రవాడికి 6వ అంకె చొక్కా ఇచ్చారు. దాని అర్థం అందరికీ తెలుసు. ఆ పిల్లవాడికీ తెలుసు. వేసవి వచ్చేసరికి కొట్టబోయిన బంతి దొరకకుండా పోయింది. జులైలో అతణ్ణి కింది జట్టుకు, కాన్సాస్ సిటీకి పంపారు. అక్కడా ఆట కుదరక తండ్రికి ఫోను చేశాడు. తండ్రి వచ్చాడు. ఓదార్చలేదు. నువ్వు ఆడలేకపోతే నాతో వచ్చి గనిలో పనిచేద్దువుగాని అంటూ కొడుకు పెట్టె సర్దసాగాడని మాంటిల్ తరువాత ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. కొడుకు ఆగిపోయాడు, మళ్ళీ ఆడాడు. ఆ వేసవి ముగియక ముందే పెద్ద జట్టుకు తిరిగి వచ్చాడు. ఈసారి చొక్కా మీద అంకె 7. 1968 దాకా ఆడి 536 హోమ్ రన్లు కొట్టాడు. తండ్రి మాత్రం 1952లోనే, నలభై ఏళ్ళకే మరణించాడు.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నేనైతే ఆ జులై మాసపు గదిలోని కుర్రవాణ్ణే చూస్తాను. మార్చిలో అతనిని చూసి లేచి నిలుచున్న వేలమందిలో ఒక్కరూ ఆ గదిలో లేరు. ఆశపడ్డది వారు, బాకీ మిగిలింది అతనికి.

ఈ మాట రాస్తుంటే నా విద్యార్థి ఒకడు గుర్తుకు రాక మానడు. పేరు, ఊరు చెప్పను. ఏడవ తరగతిలో పద్యం ఒక్కసారి వింటే అప్పగించేవాడు. లెక్కల మాస్టారు బల్ల మీద లెక్క వేసేలోగా జవాబు చెప్పేవాడు. ఊరంతా వాణ్ణి చూసి మురిసింది. రచ్చబండ మీద కూర్చున్నవారు పేరు పెట్టి పిలవడం మాని "ఏమోయ్ కలెక్టరూ" అనేవారు. పదవ తరగతి ఫలితాలకు వాడి ఫొటో పత్రికలో పడింది. పట్నంలో ఒక కళాశాలవారు రుసుము లేకుండా చేర్చుకొన్నారు. అక్కడ వారం వారం పరీక్ష, వారం వారం ర్యాంకు. ఆ అంకె తగ్గినప్పుడల్లా వాడు కూర్చునే గది మారేదట. ప్రవేశపరీక్షలో వేలలో ఎక్కడో ర్యాంకు వచ్చింది. వాడు మంచి ఇంజనీరయ్యాడు. విద్యుత్ శాఖలో ఉద్యోగం సంపాదించాడు. కాని ఊరికి రావడం మానేశాడు.

చాలా ఏళ్ళ తరువాత ఒక పెళ్ళిలో కనిపించాడు. నన్ను చూసి పక్కకు తప్పుకోబోయి, మళ్ళీ ఆగి, వచ్చి పాదాలకు నమస్కరించాడు. ఊరికి ఎందుకు రావడం లేదురా అని అడిగాను. "వస్తే కనిపించిన ప్రతివాళ్ళకీ సంజాయిషీ చెప్పుకోవాలి మాస్టారూ" అన్నాడు. "ఏమైందిరా కలెక్టరూ అని ఇప్పటికీ అడుగుతారండీ. నవ్వుతూనే అడుగుతారు."

ఆ ముందటి యేడు వచ్చిన తుపానులో ఆ చుట్టుపక్కల ఊళ్ళకు మూడు రోజులలో దీపం వెలిగించిన సిబ్బందిలో వాడూ ఒకడని నాకు పెళ్ళివారే చెప్పారు. ఆ సంగతి వాడు నాతో అనలేదు. వాడి లెక్కలో అది జమ కాలేదు కాబోలు.

ఆశ అనేది ప్రేమ రూపంలో మొదలై పద్దుగా మారుతుంది. ఎప్పుడు మారిందో ఆశపడినవారికి తెలియదు, మోసినవాడికి తెలుస్తుంది. మన నగరాలలో ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు గోడల మీదా, పత్రికల మొదటి పుటలలోనూ చూస్తుంటాము. ఆ ముఖాలకూ 1978 నాటి ముఖచిత్రానికీ నాకు పెద్ద భేదం కనిపించదు. ఒక్క భేదముంది. అక్కడి కుర్రవాడికి కనీసం ఆరు వారాలు లెక్కలోకి రాని ఆటలున్నాయి. మన పిల్లవాడికి ఆరవ తరగతి నుంచే ప్రతి ఆటా లెక్కలోకి వస్తుంది.

అక్కడా అంతా నిష్కల్మషమని అనను. పచ్చికకట్ట మీది ఆశ ఒకటి. కార్యాలయంలోని లెక్క ఒకటి. నేను చూసిన ఆ స్లోన్ పార్క్ జట్టులోనే 2015 వసంతంలో క్రిస్ బ్రయంట్ అనే కుర్రవాడు 9 హోమ్ రన్లు కొట్టాడు. అంతటివాణ్ణీ మార్చి చివర కింది జట్టుకు పంపించారు. ఆటలో మెరుగుపడాలని చెప్పారు. అయితే ఒక సీజనులో 172 రోజులు పెద్ద జట్టులో ఉంటేనే సంపూర్ణ సంవత్సరం సేవగా లెక్క. అట్టివి ఆరు నిండితే ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవచ్చు. బ్రయంట్‌ను ఏప్రిల్ 17న ఆడించారు. ఆ యేటి లెక్క 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! అతడు వివాదం తెచ్చాడు. 2020లో తీర్పు జట్టు పక్షాన వచ్చింది. ఉత్తమ నవ క్రీడాకారుడి పురస్కారానికి మొదటి రెండు స్థానాలలో నిలిచినవారికి సంపూర్ణ సంవత్సరం ఇవ్వాలన్న నియమం 2022 ఒప్పందంలో చేరింది. కాని ఆ వృద్ధుడు బ్రయంట్ పేరు తలచినప్పుడు ఈ లెక్కలు చెప్పలేదు. 2016లో కబ్స్ జట్టు 1908 తరువాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి, చివరి బంతిని అందుకొని విసురుతూ ఆ కుర్రవాడు నవ్విన నవ్వును చెప్పాడు.

ఇక ఎవరూ ఎదురుచూడనివారు. 1999లో జట్లు కుర్రవాళ్ళను వరుసగా ఎంచుకొన్నప్పుడు ఆల్బర్ట్ పుజోల్స్ వంతు 402వది. 2001 వసంతంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ శిబిరానికి అతడు వచ్చినప్పుడు ఏ ముఖచిత్రమూ వేచి లేదు. ఆడి చోటు సంపాదించాడు. ఆ యేడే 37 హోమ్ రన్లు కొట్టి ఉత్తమ నవ క్రీడాకారుడయ్యాడు. 2022లో విరమించేనాటికి 703. అందుకు భిన్నంగా, 2022లో అందరికంటె ముందుగా ఎంపికైన జాక్సన్ హాలిడే 2024 వసంతంలో అందరినీ మురిపించి, ఏప్రిల్‌లో బాల్టిమోర్ జట్టులోకి వచ్చి, 34 ప్రయత్నాలలో 2 సార్లు మాత్రమే సఫలుడై కింది జట్టుకు వెళ్ళాడు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు. ఆ వేసవిలోనే తిరిగి వచ్చాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న మాట అబద్ధం కాదు. ఆ పరిమళం మన ముక్కుకు ఎప్పుడు సోకుతుందన్నది పువ్వు బాధ్యత కాదు.

కనుక ఆశపడవద్దని నేను చెప్పను. కుర్రవాడి చేతిలో మెరుపు చూసి లేచి నిలుచోలేనివాడు ఉపాధ్యాయుడూ కాలేడు, రసికుడూ కాలేడు. ఆ పచ్చిక మీద నాకు నచ్చింది అదే. అంతమంది పెద్దలు పరాయి బిడ్డను చూసి మనస్ఫూర్తిగా ఆనందించారు. ఆ ఆనందానికి ఆ క్షణంలోనే మూల్యం ముట్టింది. ఆ కుర్రవాడు వారికి ఇక ఇవ్వవలసింది ఏమీ లేదు. తన పుస్తకంలోని పేర్లను ఎన్నడూ లెక్కపెట్టని ఆ తపాలా ఉద్యోగి ఈ సూక్ష్మం తెలిసినవాడు.

ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా తమ పిల్లవాణ్ణి తీసుకువచ్చి పద్యం చదివిస్తారు. శ్రద్ధగా వింటాను. బాగుంటే బాగుందంటాను, మరొకటి చదవమంటాను. వీడు ఏమవుతాడంటారు మాస్టారూ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇవాళ పద్యం చక్కగా చదివాడండీ అని మాత్రం చెబుతాను. కొందరికి ఆ జవాబు చాలదు. పిల్లవాడికి మాత్రం చాలుతుంది. రెండవ పద్యం మొదటిదాని కంటె గొంతు విప్పి చదువుతాడు.